బల్లారట్: బంగారు నేలపై పౌరసంస్థల నిర్మాణం, సభ్యత్వ చరిత్ర

వ్యాససంగ్రహం:

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్‌కు పశ్చిమంగా సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న బల్లారట్, 1851లో బంగారం బయటపడడంతో వెలసిన నగరం. 1854 నాటి యురేకా తిరుగుబాటు ఈ నగరానికి ఆ దేశ ప్రజాస్వామ్య చరిత్రలో ప్రత్యేక స్థానాన్ని ఇచ్చింది. గనులు మూతపడిన తరువాత కూడా ఈ నగరం నిలిచి ఉండడానికి అక్కడివారు కట్టుకున్న పౌరసంస్థలు ఒక ప్రధానకారణం. అయితే ఆ సంస్థలలో ఎవరికి చోటు దక్కింది, ఎవరికి దక్కలేదు అనే ప్రశ్నను విడిచిపెడితే ఆ చరిత్ర సగమే అవుతుంది. తవ్వకపు పనివారికి ఓటుహక్కును, చైనీయులకు తలపన్నును సిఫారసు చేసినది ఒకే విచారణ సంఘం. ఈ అంశాన్ని కేంద్రంగా చేసుకొని బల్లారట్ ప్రజలను, సంస్థలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బల్లారట్, యురేకా, మైనర్స్ రైట్, వాడవురుంగ్, చైనీయ వలస, పౌరసంస్థలు, ఆల్ఫ్రెడ్ డీకిన్, కోలార్ బంగారు గనులు.

1. ఉపోద్ఘాతం:

గని ఊళ్ళ చరిత్ర చాలావరకు ఒకే తీరున సాగుతుంది. ఖనిజం దొరుకుతుంది, జనం వస్తారు, ఖనిజం తరుగుతుంది, జనం వెళ్ళిపోతారు. పందొమ్మిదవ శతాబ్దంలో విక్టోరియాలో బంగారం కోసం వెలసిన ఎన్నో ఊళ్ళు నేడు పేరుకు మాత్రమే మిగిలాయి. బల్లారట్ అలా కాలేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేనాటికి అక్కడి పెద్ద గనులు దాదాపు అన్నీ మూతపడినా, నేడు లక్షకు పైగా జనాభాతో ఆ రాష్ట్రంలోని పెద్ద ప్రాంతీయ నగరాలలో ఒకటిగా ఉంది.

ఈ నగరం గురించి చెప్పేటప్పుడు చరిత్రకారులు సాధారణంగా 1854 డిసెంబరు 3వ తేదీ ఉదయాన్ని కేంద్రంగా తీసుకుంటారు. ఆనాటి ఘర్షణ అరగంట లోపే ముగిసింది. దాని ప్రాధాన్యం కాదనలేనిదే. కాని ఆ అరగంటకు ముందు ఏ ప్రశ్న తలెత్తింది, తరువాతి దశాబ్దాలలో ఆ ప్రశ్నకు నగరం ఏ సమాధానం ఇచ్చుకుంది అన్నవి కూడా అంతే ముఖ్యమైనవి. ఒక నేల మీద శ్రమించే మనిషికి ఆ నేలను పాలించే వ్యవస్థలో భాగం ఉందా లేదా అన్నదే ఆ ప్రశ్న. బల్లారట్ సంస్థల చరిత్రను ఈ ప్రశ్న వెలుగులో పరిశీలిద్దాం.

2. నేల, పేరు, తొలి నివాసులు:

బల్లారట్ ప్రాంతం కులిన్ జనసముదాయానికి చెందిన వాడవురుంగ్ ప్రజల నేల. నగరం పేరు కూడా వారి భాషలోనిదే. మోచేతి మీద ఆనుకొని విశ్రమించే చోటు అన్న భావాన్ని ఇచ్చే రెండు మాటల కలయికగా దీనిని వివరిస్తారు. 1838లో విలియం క్రాస్ యూల్ అనే స్కాట్లండు వలసదారు తన గొర్రెల మందలతో ఇక్కడి చిత్తడి నేల ఒడ్డున స్థిరపడ్డాడు. ఆ చిత్తడి నేలే నేటి వెండూరీ సరస్సు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో పడవపందేలు జరిగింది ఈ సరస్సులోనే.

మేతభూములుగా మారడంతో వాడవురుంగ్ ప్రజలు తమ వేటనేలలను, నీటివనరులను కోల్పోయారు. వ్యాధులు, హింస వారి సంఖ్యను తగ్గించాయి. పదమూడేళ్ళ తరువాత బంగారం కోసం వేలమంది వచ్చిపడేనాటికి వారు తమ నేలమీదనే అల్పసంఖ్యాకులయ్యారు. అయినా బంగారు క్షేత్రాల చరిత్రలో వారు కేవలం ప్రేక్షకులు కారు. దారి చూపడం, బెరడు గుడిసెలు కట్టడంలో తోడ్పడడం, పోసమ్ అనే జంతువు చర్మంతో కుట్టిన దుప్పట్లను అమ్మడం వంటి పనులతో కొత్త ఆర్థికవ్యవస్థలో వారు పాల్గొన్నారు. ఫ్రెడ్ కహీర్ 2012లో వెలువరించిన ‘బ్లాక్ గోల్డ్’ అనే గ్రంథం ఈ పాత్రను సవివరంగా నమోదు చేసింది.

నగరం వీరిని తలచుకున్న తీరు గమనించదగినది. ‘కింగ్ బిల్లీ’ అని వలసదారులు పిలిచిన ముల్లావల్లా అనే వాడవురుంగ్ పెద్ద 1896లో మరణించినప్పుడు ఆయనను తన తెగలో చివరివాడుగా పేర్కొన్నారు. ఈ ‘చివరివాడు’ అన్న మాట నిజం కాదు. వాడవురుంగ్ వారసులు నేటికీ ఉన్నారు, తమ సంస్థ ద్వారా తమ సంప్రదాయ హక్కుదారుల స్థానాన్ని నిలుపుకుంటున్నారు. కాని ఒక జాతి అంతరించిందని ప్రకటిస్తే, నేల ఎవరిదన్న ప్రశ్న కూడా ముగిసిపోయినట్టు తోస్తుంది. 2013లో నగరశివారులో కొత్తగా ఏర్పడుతున్న ప్రాంతానికి ముల్లావల్లా పేరు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. స్థానికుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. చివరకు ఆ పేటకు వింటర్ వ్యాలీ అనే ఇంగ్లీషు పేరు స్థిరపడింది.

3. బంగారం, లైసెన్సు, తిరుగుబాటు:

1851 జూలై 1న విక్టోరియా న్యూ సౌత్ వేల్స్ నుంచి విడిపోయి ప్రత్యేక వలసరాజ్యమైంది. ఆ తరువాత కొద్ది వారాలకే, ఆగస్టులో, బల్లారట్ పరిసరాలలో బంగారం బయటపడింది. ఇంగ్లండు, ఐర్లండు, స్కాట్లండు, జర్మనీ, ఇటలీ, అమెరికా, చైనా దేశాల నుంచి మనుషులు తరలివచ్చారు. తవ్వకం చేసేవారిని ‘డిగ్గర్లు’ అనేవారు. ఈ వ్యాసంలోనూ ఆ మాటనే వాడుతున్నాం.

తవ్వేందుకు ప్రభుత్వం నెలకు 30 షిల్లింగుల లైసెన్సు రుసుము విధించింది. బంగారం దొరికినా, దొరకకపోయినా ఈ రుసుము కట్టవలసిందే. 1853లో రుసుమును కొంత తగ్గించినా ఈ మూలసూత్రం మారలేదు. బల్లారట్‌లో దీని భారం అధికంగా ఉండడానికి భౌగోళిక కారణం ఉంది. పైపొరల బంగారం త్వరగా అయిపోయింది. మిగిలినది పూర్వకాలపు నదీగర్భాలలో, నీరూరే మట్టిపొరల కింద, వంద అడుగులకు పైబడిన లోతులో ఉండేది. కొందరు కలిసి నెలల తరబడి బావి తవ్వితే గాని ఫలితం తెలియదు. ఆ నెలలన్నింటికీ లైసెన్సు మాత్రం చేతిలో ఉండాలి. పోలీసులు అడిగినప్పుడు చూపకపోతే అరెస్టు తప్పదు. బావి అడుగున పనిచేస్తున్న మనిషి పైకి వచ్చి కాగితం చూపవలసి రావడం డబ్బు నష్టంతో పాటు అవమానం కూడా.

ఇంత చెల్లించినా డిగ్గర్లకు శాసనసభలో ఓటు లేదు. తవ్వే నేలపై శాశ్వతహక్కు లేదు. 1854 జూన్‌లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ హోథమ్ ఖజానా లోటును పూడ్చుకోవడానికి లైసెన్సు తనిఖీలను వారానికి రెండుసార్లు చేయించాడు. అక్టోబరు 7న జేమ్స్ స్కోబీ అనే డిగ్గరు యురేకా హోటలు సమీపంలో హతుడయ్యాడు. హోటలు యజమాని జేమ్స్ బెంట్లీని స్థానిక న్యాయాధికారులు విడిచిపెట్టడంతో ఆగ్రహించిన జనం అక్టోబరు 17న ఆ హోటలును తగులబెట్టారు. నవంబరు 11న బేకరీ హిల్‌పై జరిగిన సభలో బల్లారట్ రిఫార్మ్ లీగ్ తన ప్రకటనపత్రాన్ని ఆమోదించింది. పురుషులందరికీ ఓటు, సభ్యత్వానికి ఆస్తి నిబంధన తొలగింపు, సభ్యులకు వేతనం అందులోని ముఖ్యాంశాలు. ఇవి బ్రిటన్‌లోని చార్టిస్టు ఉద్యమం నుంచి వచ్చిన కోరికలు. లీగ్ నాయకుడు జె.బి. హంఫ్రే వేల్స్ నుంచి వచ్చిన చార్టిస్టు.

నవంబరు 29న అదే కొండపై నీలిబట్ట మీద తెల్లని శిలువ, అయిదు నక్షత్రాలు గల పతాకాన్ని ఎగురవేసి లైసెన్సులను తగులబెట్టారు. మరునాడు ఐర్లండుకు చెందిన పీటర్ లాలర్ నాయకత్వంలో ఆ పతాకం కింద ప్రమాణం చేశారు. కొయ్యదుంగలతో కంచె కట్టుకున్నారు. డిసెంబరు 3 ఆదివారం తెల్లవారుజామున సైనికులు, పోలీసులు ఆ కంచెపై దాడి చేశారు. కనీసం 22 మంది డిగ్గర్లు, కొందరు సైనికులు మరణించారు. లాలర్ ఒక చేయి కోల్పోయాడు.

పట్టుబడినవారిలో 13 మందిపై రాజద్రోహ నేరం మోపారు. 1855లో మెల్‌బోర్న్‌లో జరిగిన విచారణలలో జ్యూరీలు ఒక్కరిని కూడా దోషిగా తేల్చలేదు. మొదట విచారణకు నిలబడినవాడు జాన్ జోసెఫ్ అనే ఆఫ్రికన్ అమెరికన్. నల్లజాతివాడిని ముందు నిలబెడితే శిక్ష సులభమవుతుందని ప్రభుత్వం అంచనా వేసిందని పలువురి అభిప్రాయం. అతడూ నిర్దోషిగానే బయటకు వచ్చాడు.

4. ఒకే నివేదిక, రెండు ఫలితాలు:

బంగారు క్షేత్రాల స్థితిగతులపై ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 1855 మార్చిలో నివేదిక సమర్పించింది. దాని ఆధారంగా నెలవారీ లైసెన్సు రద్దయింది. దాని స్థానంలో ఏడాదికి ఒక పౌండు చెల్లిస్తే చాలే ‘మైనర్స్ రైట్’ అనే హక్కుపత్రం వచ్చింది. ఈ పత్రం గలవారికి తవ్వేహక్కుతో పాటు ఓటుహక్కు కూడా లభించింది. లోటు పూడ్చడానికి బంగారం ఎగుమతిపై సుంకం విధించారు. అంటే పన్ను ప్రయత్నం మీద కాక ఫలితం మీద పడింది. గని వివాదాలను తీర్చడానికి, నియమాలను రూపొందించడానికి డిగ్గర్లే ఎన్నుకొనే స్థానిక న్యాయస్థానాలు ఏర్పడ్డాయి. రాజద్రోహ విచారణ నుంచి బయటపడిన ఇటలీ దేశస్థుడు రఫాయెల్లో కార్బోనీ కొద్దినెలలకే బల్లారట్ స్థానిక న్యాయస్థానానికి ఎన్నికయ్యాడు. లాలర్ అదే ఏడాది శాసనమండలిలో అడుగుపెట్టాడు. 1857లో విక్టోరియా శాసనసభ ఎన్నికలలో పురుషులందరికీ ఓటుహక్కు వచ్చింది.

ఇది సాధారణంగా చెప్పుకొనే భాగం. అదే విచారణ సంఘం చైనీయుల రాకను అరికట్టాలని కూడా సూచించింది. 1855 మధ్యలో వచ్చిన చట్టం ప్రకారం విక్టోరియా రేవులలో దిగే ప్రతి చైనీయుడికి 10 పౌండ్ల తలపన్ను విధించారు. ఓడ మోసే ప్రతి పది టన్నులకు ఒక్క చైనీయుని మించి తీసుకురాకూడదన్న నియమం పెట్టారు. బంగారు క్షేత్రాలలో వారి కోసం వేరుగా శిబిరాలను, వారిపై ‘ప్రొటెక్టర్’ అనే అధికారులను ఏర్పాటు చేశారు.

ఈ రెంటిని పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. ఫలితంతో సంబంధం లేకుండా ముందుగానే పన్ను కట్టించుకోవడం అన్యాయమన్నది డిగ్గర్ల వాదం. ఆ అన్యాయాన్ని ఒకరి విషయంలో తొలగించిన ప్రభుత్వమే అదే ఏడాది మరొకరి విషయంలో, ఓడ దిగకముందే వర్తించేలా, దానిని నెలకొల్పింది. ప్రాతినిధ్యం లేని పన్నును ఎదిరించినవారికి ప్రాతినిధ్యం దక్కింది. పన్ను వేరొకరికి బదిలీ అయింది.

చైనీయులు దీనికి తమదైన రీతిలో స్పందించారు. పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియాలో ఈ పన్ను లేదు. అందువల్ల 1857లో పదివేలకు పైగా చైనీయులు అక్కడి రోబ్ అనే చిన్న రేవులో దిగి, వందల కిలోమీటర్లు కాలినడకన బంగారు క్షేత్రాలకు చేరారు. ఆ దారిలోనే వారు అరరాట్ వద్ద బంగారం కనుగొన్నారు. 1861 జనగణన నాటికి విక్టోరియాలో సుమారు 25,000 మంది చైనీయులు ఉన్నారు. బల్లారట్ మెయిన్ రోడ్డులో జాన్ అల్లూ అనే చైనీయుడు నడిపిన భోజనశాలను చిత్రకారుడు ఎస్.టి. గిల్ 1855లో చిత్రించాడు. చట్టం వేరుగా ఉంచదలచిన మనుషులు బజారులో కలిసి భోజనం చేసేవారని ఆ చిత్రం సాక్ష్యమిస్తుంది.

5. బంగారం సంస్థలుగా మారిన తీరు:

1850ల చివరికి ఒంటరి డిగ్గరు కాలం ముగిసింది. 1858 జూన్ 9న బేకరీ హిల్ వద్ద సుమారు 55 మీటర్ల లోతున 69 కిలోల బంగారు ముద్ద దొరికింది. దానిని వెలికితీసినది కార్న్‌వాల్ నుంచి వచ్చిన 22 మంది గని పనివారి భాగస్వామ్య సంఘం. తరువాత ఆవిరియంత్రాలు, వాటాదారుల కంపెనీలు, కూలికి పనిచేసే గని కార్మికులు వచ్చారు. కూలిపని స్థిరనివాసాన్ని, స్థిరనివాసం కుటుంబాలను తెచ్చింది. కుటుంబాలకు ఆసుపత్రి, బడి, గ్రంథాలయం కావాలి.

1855 చివరలో బల్లారట్ పశ్చిమ భాగానికి, 1857లో తూర్పు భాగానికి పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. పశ్చిమాన పీఠభూమిపై సర్వేయర్లు గీసిన వెడల్పాటి స్టర్ట్ వీథి, తూర్పున గనిబావుల మధ్య కాలిబాటలే వీథులైన వంకరదారులు ఉండేవి. ఒకటి ప్రభుత్వం గీసిన ఊరు, మరొకటి డిగ్గర్లు నడిచిన ఊరు. ఇవి 1921లో గాని ఒకటి కాలేదు. 1856లో ఆసుపత్రి ప్రారంభమైంది. 1859లో మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. పనివారికి చందాపై పుస్తకాలు, పత్రికలు, ఉపన్యాసాలు అందించడం దాని ఆశయం. 1862లో గీలాంగ్ నుంచి రైలుమార్గం వచ్చింది. 1865లో అనాథాశ్రమం ఏర్పడింది. 1879లో యువకుల వాదోపవాద సంఘంగా మొదలైన సౌత్ స్ట్రీట్ సంఘం 1891 నుంచి సంగీత, వక్తృత్వ పోటీలను నిర్వహించి దేశవ్యాప్త ఖ్యాతి పొందింది. 1884లో చిత్రకళాశాల ఏర్పడింది. నగర తొలి పురపాలక అధ్యక్షుడైన జేమ్స్ ఆడీ దాని స్థాపకులలో ఒకరు. 1886లో ఆయనే ఒక ఖగోళ వేధశాలను కూడా నెలకొల్పాడు.

వీటిలో స్కూల్ ఆఫ్ మైన్స్ ప్రత్యేకంగా చెప్పదగినది. 1870లో స్థాపితమైన ఈ విద్యాలయం ఆస్ట్రేలియాలో ఆ తరహా సంస్థలలో మొదటిది. ఒక పాత న్యాయస్థాన భవనంలో ఇది పని ప్రారంభించింది. దీని తొలి అధ్యక్షుడు న్యాయమూర్తి రెడ్‌మండ్ బారీ. యురేకా నిందితుల విచారణలలో కొన్నింటికి న్యాయపీఠంపై కూర్చున్నది ఆయనే. పదిహేనేళ్ళలో ఒకే వ్యక్తి ఆ నగరవాసుల రాజద్రోహాన్ని విచారించే స్థానం నుంచి వారి పిల్లల చదువుకు అధ్యక్షత వహించే స్థానానికి వచ్చాడు. తిరుగుబాటు ఎంత త్వరగా గౌరవనీయతగా మారిందో దీనివల్ల తెలుస్తుంది. ఈ విద్యాలయ పరంపరే నేటి ఫెడరేషన్ విశ్వవిద్యాలయంలో కొనసాగుతున్నది.

గనుల కోసం యంత్రాలు చేసిన కార్ఖానాలు గనుల తరువాత కూడా ఉపయోగపడ్డాయి. ఫీనిక్స్ ఫౌండ్రీ 1870ల నుంచి విక్టోరియా రైల్వేలకు 300కు పైగా రైలింజన్లు తయారుచేసింది. హెచ్.వి. మెకే కోతయంత్రాల పరిశ్రమ కూడా బల్లారట్‌లోనే పెరిగి, 1906లో మెల్‌బోర్న్ శివారుకు తరలింది. ఆ మరుసటి ఏడు ఈ కర్మాగారం వ్యవహారంలోనే జస్టిస్ హిగ్గిన్స్ ఇచ్చిన తీర్పు ఆస్ట్రేలియాలో కనీసవేతన భావనకు పునాది అయింది. ఆ వేతనాన్ని భార్యాపిల్లలను పోషించే పురుషుని అవసరాల మేరకు లెక్కగట్టారు.

6. లాలర్, క్లూన్స్, చైనీయ కూలీలు:

యురేకా నాయకుడు పీటర్ లాలర్ తరువాతి కాలంలో శాసనసభ స్పీకరయ్యాడు. అంతకుముందు, 1873లో, బల్లారట్‌కు ఉత్తరాన ఉన్న క్లూన్స్ పట్టణంలో లోథెయిర్ గని కార్మికులు సమ్మె చేశారు. లాలర్ ఆ గని కంపెనీ డైరెక్టర్లలో ఒకడు. సమ్మెను విచ్ఛిన్నం చేయడానికి కంపెనీ చైనీయ కూలీలను రప్పించింది. డిసెంబరులో పోలీసు రక్షణతో వస్తున్న బగ్గీలను పట్టణవాసులు, స్త్రీలతో సహా, రాళ్ళు రువ్వి వెనక్కి తరిమారు.

ఈ ఘటనను లాలర్ వ్యక్తిగత పతనంగా మాత్రమే చూడడం సరిపోదు. 1855లో గీసిన గీత ఇక్కడ పనిచేసింది. చైనీయులను సమాన సభ్యులుగా చేర్చుకోని కార్మికలోకంలో, వారిని యజమానులు సులభంగా ఆయుధంగా వాడుకోగలిగారు. అలా వాడుకోవడమే వారిపై ద్వేషానికి కొత్త కారణమయింది. బయట ఉంచడం వల్ల పుట్టిన ఫలితాన్నే, బయట ఉంచడానికి సమర్థనగా చూపారు.

7. స్త్రీలు: పతాకం, పత్రిక, వృక్షవీథి:

యురేకాను చాలాకాలం పురుషుల కథగానే చెప్పారు. క్లేర్ రైట్ 2013లో వెలువరించిన ‘ది ఫర్‌గాటెన్ రెబెల్స్ ఆఫ్ యురేకా’ ఈ దృష్టిని మార్చింది. పతాకాన్ని కుట్టినవారుగా అనస్తాసియా హేస్, అనస్తాసియా విదర్స్, ఆన్ డ్యూక్ అనే ముగ్గురు స్త్రీల పేర్లు సంప్రదాయంలో వినిపిస్తాయి. ‘బల్లారట్ టైమ్స్’ సంపాదకుడు హెన్రీ సీకాంప్ రాజద్రోహపు రాతల నేరంపై అరెస్టయినప్పుడు ఆయన సహచరి క్లారా సీకాంప్ ఆ పత్రికను నడిపింది. అయినా మైనర్స్ రైట్‌తో వచ్చిన ఓటు వీరికి రాలేదు. విక్టోరియా శాసనసభ ఎన్నికలలో స్త్రీలకు ఓటు 1908లో గాని దక్కలేదు.

పతాకం మాత్రం విచిత్రమైన ప్రయాణం చేసింది. దాడినాడు దానిని లాగి తీసుకుపోయిన పోలీసు జాన్ కింగ్ కుటుంబం వద్ద అది నలభై ఏళ్ళు ఉంది. 1895లో ఆయన భార్య దానిని బల్లారట్ చిత్రకళాశాలకు ఇచ్చింది. అక్కడ కూడా దాని ముక్కలను కత్తిరించి అతిథులకు ఇచ్చేవారు. 1973 డిసెంబరు 3న ప్రధాని గాఫ్ విట్లమ్ దానిని ప్రజల సందర్శన కోసం ఆవిష్కరించాడు. తాను దేనికి గుర్తుగా నిలవాలో నిర్ణయించుకోవడానికి నగరానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

స్త్రీల శ్రమకు నగరంలో మిగిలిన అతిపెద్ద గుర్తు ‘అవెన్యూ ఆఫ్ ఆనర్’. లూకాస్ దుస్తుల కర్మాగారంలో పనిచేసే సుమారు 500 మంది స్త్రీలు 1917 నుంచి 1919 వరకు విరాళాలు సేకరించి, యుద్ధానికి వెళ్ళిన ఈ ప్రాంతంవారు ఒక్కొక్కరికి ఒక్కొక్క చెట్టు చొప్పున 3,700కు పైగా చెట్లు నాటించారు. సుమారు 22 కిలోమీటర్ల పొడవైన ఈ వృక్షవీథిలో సైనికాధికారికి, సామాన్య సిపాయికి, నర్సుకు ఒకే చోటు లభించింది. హోదాను బట్టి వరుస లేదు. బల్లారట్ సంస్థలన్నింటిలోనూ సమానత్వాన్ని ఇంత స్పష్టంగా చూపినది ఇదేనని చెప్పవచ్చు.

8. ఆల్ఫ్రెడ్ డీకిన్: భారతదేశపు కాలువలు, ఆస్ట్రేలియా గేటు:

1901లో ఆస్ట్రేలియా సమాఖ్య ఏర్పడినప్పటి నుంచి 1913 వరకు సమాఖ్య పార్లమెంటులో బల్లారట్ ప్రతినిధి ఆల్ఫ్రెడ్ డీకిన్. మూడుసార్లు ప్రధాని అయినవాడు. తెలుగువారికి, భారతీయులకు ఆయన గురించి తెలియవలసిన విషయం మరొకటి ఉంది. విక్టోరియాలో నీటిపారుదల విధానానికి రూపకర్త అయిన ఆయన, ఇక్కడి ఆనకట్టలను, కాలువలను అధ్యయనం చేయడానికి భారతదేశానికి వచ్చాడు. ఆ పర్యటన ఫలితంగా 1893లో ‘ఇరిగేటెడ్ ఇండియా’ అనే గ్రంథం వెలువడింది. భారతీయ దేవాలయాలను, సమాధులను గురించి మరొక గ్రంథం కూడా అదే ఏడాది వచ్చింది. భారతీయ తాత్త్విక చింతనపై ఆయనకు ఆసక్తి ఉండేది.

ఈ డీకినే 1901లో అటార్నీ జనరల్‌గా వలసల నియంత్రణ చట్టాన్ని పార్లమెంటులో బలంగా సమర్థించాడు. ఆసియావాసుల లోపాల కంటే వారి శ్రమశక్తి, ఓర్పు, తక్కువ ఖర్చుతో బ్రతకగల నేర్పులే తమకు ముప్పు అన్నది ఆయన వాదసారం. ఆ చట్టం జాతిపేరు ఎత్తలేదు. అధికారి ఎంచుకున్న ఏదో ఒక ఐరోపా భాషలో 50 మాటల భాగాన్ని చెబుతుంటే రాయగలగాలన్న పరీక్ష పెట్టింది. అవాంఛితుడనుకున్నవానికి తెలియని భాషను ఎంచుకోవడమే దాని పద్ధతి. ఈ పరీక్ష 1958 వరకు కొనసాగింది. 1855లో ఒక్క వలసరాజ్యపు రేవులలో చైనీయులకు ఎదురైన అడ్డుగోడ, 1901 నాటికి ఖండమంతటికీ, భారతీయులతో సహా ఆసియావాసులందరికీ విస్తరించింది.

9. కోలార్‌తో ఒక పోలిక:

విక్టోరియా గనులకు దక్షిణ భారతానికి మధ్య ప్రత్యక్షసంబంధం కూడా లేకపోలేదు. విక్టోరియా గనుల శాఖ కార్యదర్శిగా పనిచేసిన రాబర్ట్ బ్రో స్మిత్ ఆ పదవి వీడిన తరువాత మద్రాసు రాజధానిలోని వైనాడు బంగారు నిక్షేపాలను పరిశీలించి 1880లో నివేదిక ఇచ్చాడు. వైనాడు ఆశలు ఫలించలేదు. ఆ దశాబ్దంలోనే మైసూరు సంస్థానంలోని కోలార్‌లో జాన్ టేలర్ కంపెనీ ఆధ్వర్యంలో గనులు విజయవంతమయ్యాయి. చిత్తూరు ప్రాంతపు తెలుగువారు, ఉత్తర ఆర్కాటు తమిళులు అక్కడి కార్మికులలో ప్రధాన భాగం.

రెండుచోట్లా కార్న్‌వాల్ గని నైపుణ్యం ఉంది, లోతైన బావులు ఉన్నాయి. కాని ఆరంభంలోనే పెద్ద తేడా ఉంది. బల్లారట్ పైపొరల బంగారం పారతో తవ్వితే దొరికేది. అందువల్ల పెట్టుబడి లేని మనిషి స్వతంత్రుడుగా నిలబడి హక్కు అడగగలిగాడు. కోలార్ బంగారం గట్టిరాతిలో లోతున ఉండడం వల్ల మొదటి నుంచీ కంపెనీ పెట్టుబడి, కూలిశ్రమ తప్పనిసరి అయ్యాయి. ఇల్లు, ఆసుపత్రి, క్లబ్బు కంపెనీ ఏర్పాట్లే. 1930లో కోలార్ కార్మికులు వేలిముద్రల నమోదును వ్యతిరేకిస్తూ సమ్మె చేశారు. లైసెన్సు తనిఖీపై బల్లారట్ డిగ్గర్లకు కలిగిన ఆగ్రహానికి ఇది దగ్గరి బంధువు. అయితే అక్కడ ఆగ్రహం ఓటుగా, స్థానిక న్యాయస్థానంగా, పురపాలక సంఘంగా మారింది. వలసపాలనలోని కోలార్ కూలీకి అలాంటి మార్గం తెరుచుకోలేదు. 2001లో కోలార్ గనులు మూతపడినప్పుడు కంపెనీతో ముడిపడిన ఏర్పాట్లూ కుంగిపోయాయి. బల్లారట్ గనులు మూతపడినప్పుడు సంస్థలు నగరవాసుల చేతిలోనే మిగిలాయి. సంస్థలు ఎవరివి అన్నదే ఈ రెండు ఊళ్ళ భవితవ్యంలో తేడా తెచ్చిన ముఖ్యాంశాలలో ఒకటి.

10. సంస్థలు జవాబు చెప్పవలసిన కాలం:

సంస్థలు నగరాన్ని నిలబెట్టాయనడం నిజమే. అవి లోపల ఉన్న బలహీనులను ఎలా చూశాయన్నది మరొక ప్రశ్న. బల్లారట్ అనాథాశ్రమంలో తమ కుటుంబాల నుంచి వేరుచేసిన అబొరిజినల్ పిల్లలను కూడా ఉంచారు. 2013 నుంచి 2017 వరకు పనిచేసిన జాతీయ రాయల్ కమిషన్, సంస్థలలో పిల్లలపై జరిగిన లైంగిక అత్యాచారాలను విచారిస్తూ, బల్లారట్‌లోని కాథలిక్ సంస్థలపై ప్రత్యేకంగా విచారణలు జరిపింది. దశాబ్దాల పాటు పిల్లల ఫిర్యాదులను పట్టించుకోకపోవడం, నిందితులను ఒకచోటి నుంచి మరొకచోటికి బదిలీ చేయడం వెలుగులోకి వచ్చాయి. ఆ సమయంలో నగరవాసులు చర్చి, పాఠశాల కంచెలకు రంగురంగుల రిబ్బన్లు కట్టి బాధితులకు సంఘీభావం తెలిపారు. ఈ ఆచారం బల్లారట్ నుంచి ఇతర ప్రాంతాలకు వ్యాపించింది.

సంస్థ గౌరవం పెరిగేకొద్దీ దానిని ప్రశ్నించడం కష్టమవుతుంది. డిగ్గర్లు ప్రభుత్వాన్ని అడిగిన ప్రశ్ననే, నూట అరవై ఏళ్ళ తరువాత వారి నగరంలో పెరిగిన పిల్లలు ఆ నగరపు సంస్థలను అడగవలసి వచ్చింది. మేము ఇక్కడ లెక్కలోకి వస్తామా అన్నదే ఆ ప్రశ్న.

11. ముగింపు:

• బల్లారట్ నిలిచి ఉండడానికి బంగారం ఆరంభకారణం మాత్రమే. పురపాలన, ఆసుపత్రి, గ్రంథాలయం, విద్యాలయం, కార్ఖానా వంటి సంస్థలు స్థానికుల అధీనంలో ఉండడం దాని కొనసాగింపుకు తోడ్పడింది.

• 1855 సంస్కరణలు ఏకకాలంలో ఒక వర్గాన్ని పౌరులుగా చేర్చుకున్నాయి, మరొక వర్గాన్ని వెలుపల ఉంచాయి. యురేకా వారసత్వాన్ని చెప్పేటప్పుడు ఈ రెంటినీ కలిపి చెప్పడం చరిత్రకు న్యాయం.

• వెలుపల ఉంచడం ఒక్కసారితో ఆగలేదు. క్లూన్స్ ఘటన, 1901 చట్టం దాని తరువాతి దశలు. ఆ చట్టాన్ని సమర్థించిన బల్లారట్ ప్రతినిధి భారతదేశాన్ని చదివి, మెచ్చినవాడే. పరిచయం ఉన్నంతమాత్రాన సమానత్వం రాదని దీనివల్ల గ్రహించవచ్చు.

• కోలార్‌తో పోల్చినప్పుడు, ఖనిజం ఉన్న లోతు కూడా ప్రజాస్వామ్య చరిత్రను ప్రభావితం చేస్తుందని తెలుస్తుంది.

• సంస్థ కట్టడంతో పౌరధర్మం పూర్తికాదు. లోపల ఉన్నవారికి జవాబు చెప్పడం, బయట ఉన్నవారికి తలుపు తెరవడం ఆ ధర్మంలోని మిగిలిన భాగాలు. ముల్లావల్లా పేరు ఒక పేటకు నిలవని నగరంలో, చెట్టుకొక పేరు చొప్పున వేలమందిని తలచుకొనే వృక్షవీథి కూడా ఉంది. మరచినవారిని తలచుకొనే సామర్థ్యం ఆ నగరానికి ఉందనడానికి ఆ వృక్షవీథే నిదర్శనం.